నగర కుటుంబాల ఆహార భద్రత, మౌలిక సేవలు

నగరంలో ఉండే కుటుంబంలో ప్రతి ఒక్కరికీ ఏడాది పొడుగునా సరిపడినంత, శుభ్రమైన, బలమైన తిండి దొరకడం నగర కుటుంబ ఆహార భద్రత. పల్లెలో ఈ విషయం పొలం దగ్గర, గాదె దగ్గర మొదలవుతుంది. నగరంలో గాదె ఉండదు. ఆనాటి కూలి, ఇంటి అద్దె, నల్లా వచ్చే వేళ, గ్యాస్ బండ, రేషన్ కార్డు మీద రాసి ఉన్న చిరునామా కలిసి ఆ పూట పొయ్యి మీదికి ఏం ఎక్కుతుందో నిర్ణయిస్తాయి. అందుకే నగరాల విషయంలో ఆహార భద్రతను తాగునీరు, పారిశుద్ధ్యం, వంట ఇంధనం, వైద్యం, నివాసం వంటి మౌలిక సేవల నుంచి విడదీసి చూడటం కుదరదు. ఈ వ్యాసం ప్రధానంగా హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి తెలుగు నగరాలను ఆధారం చేసుకుంటుంది.

నిర్వచనం, పరిధి

ఆహార భద్రత అనే భావన అంతర్జాతీయంగా 1974లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సులో ముందుకు వచ్చింది. అప్పట్లో దాని అర్థం దేశాల దగ్గర ధాన్యం నిల్వలు ఉండటం, ధరలు అదుపులో ఉండటం. 1981లో అమర్త్యసేన్ తన ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ గ్రంథంలో వేరే కోణం చూపారు. మార్కెట్లో ధాన్యం ఉన్నా, కొనే శక్తీ పొందే హక్కూ పోయినప్పుడు మనుషులు ఆకలితో చనిపోతారని 1943 బెంగాల్ కరువు వంటి ఉదాహరణలతో నిరూపించారు. 1996 ప్రపంచ ఆహార శిఖరాగ్ర సభ నిర్వచనం ఈ ఆలోచనను కలుపుకుంది. దాని ఆధారంగా ఇప్పుడు నాలుగు అంశాలను పరిశీలిస్తున్నారు: లభ్యత, అందుబాటు, వినియోగం, స్థిరత్వం.

తెలుగు నగరాల్లో లభ్యత కొరత అరుదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్లోనో, విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లోనో కూరగాయలు లేని రోజు ఉండదు. చిక్కు మిగిలిన మూడింటితోనే. కొనగలగడం అందుబాటు. కొన్నదాన్ని శుభ్రమైన నీటితో వండుకుని, తిన్నది ఒంటికి పట్టేంత ఆరోగ్యంగా ఉండటం వినియోగం. వానాకాలంలో పని ఆగినా, ఇంట్లో ఒకరు మంచాన పడినా ఈ రెండూ చెదరకపోవడం స్థిరత్వం. మౌలిక సేవలు ఎక్కువగా ప్రభావం చూపేది వినియోగం మీద. దాని మీద జరిగే చర్చ మాత్రం చాలా తక్కువ.

చారిత్రక నేపథ్యం

భారతదేశంలో రేషన్ నగరంలోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, బెంగాల్ కరువు నడుమ, 1943లో థియోడర్ గ్రెగరీ అధ్యక్షతన ఏర్పడిన ఆహారధాన్యాల విధాన సంఘం లక్ష జనాభా దాటిన నగరాల్లో రేషన్ పెట్టాలని సిఫారసు చేసింది. మిల్లు కార్మికులు, గుమాస్తాలు, సైన్యం ఉండే చోట ధరలు అదుపు తప్పకూడదన్నది నాటి లెక్క. పల్లె పేదలు చాలాకాలం దాని వెలుపలే ఉండిపోయారు. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడ్డాక ధాన్య సేకరణ, నిల్వ, పంపిణీ ఒక వ్యవస్థగా కుదురుకున్నాయి.

తెలుగు నేల మీద పెద్ద మలుపు 1983. ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకే బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ధర రాజకీయాలతో పాటు పెరుగుతూ తగ్గుతూ వచ్చి, 2008లో మళ్లీ 2 రూపాయలకు, 2011లో 1 రూపాయికి చేరింది. 1997లో కేంద్రం లక్షిత ప్రజా పంపిణీ విధానం తెచ్చి దారిద్య్రరేఖకు దిగువ, ఎగువ అని కుటుంబాలను విడదీసింది. 2000లో నిరుపేదల కోసం అంత్యోదయ అన్న యోజన వచ్చింది. 2001లో పౌర హక్కుల ప్రజా సంఘం (పీయూసీఎల్) వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు బడి భోజనాన్నీ, అంగన్‌వాడీ ఆహారాన్నీ పథకాల స్థాయి నుంచి హక్కుల స్థాయికి తెచ్చాయి. ఆ దారి 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం వరకు సాగింది (చూ. ఆహార హక్కు).

సేవల చరిత్ర విడిగా నడిచింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయి హైదరాబాద్‌కు వరద రక్షణతో పాటు తాగునీరూ ఇచ్చాయి. మురికివాడల అభివృద్ధికి 1956లోనే చట్టం వచ్చింది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన నగర సముదాయ అభివృద్ధి పథకం బస్తీ మహిళలను, యువకులను కూడగట్టి ఇళ్లు, వీధులు, బాలవాడీలు ఏర్పరచడంలో దేశానికి నమూనాగా నిలిచింది. 2000 నుంచి బ్రిటన్ సాయంతో ‘పట్టణ పేదలకు సేవలు’ పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల్లో అమలైంది. 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఏర్పడింది. ఆహారం పౌర సరఫరాల శాఖ కిందికి, నీరు హైదరాబాద్‌లోనైతే జలమండలి కిందికి, అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖ కిందికి పోవడంతో ఒకే గుమ్మం ముందుకు వేర్వేరు శాఖల లెక్కలు వేర్వేరుగా వస్తాయి. ఈ చీలిక నేటికీ ఉంది.

నగర కుటుంబానికి తిండి వచ్చే దారులు

రేషన్. 2013 చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతానికి, నగర జనాభాలో 50 శాతానికి వర్తిస్తుంది. సాధారణ కార్డుపై మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుపై కుటుంబానికి 35 కిలోలు ఇస్తారు. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం పూర్తిగా ఉచితం. కేంద్ర పరిమితి దాటిన వారికి తెలుగు రాష్ట్రాలు సొంత ఖర్చుతో కార్డులు ఇచ్చాయి. తెలంగాణ 2015 నుంచి మనిషికి 6 కిలోలు ఇస్తోంది, అంతకు ముందున్న కుటుంబ పరిమితిని ఎత్తేసింది.

ఈ పరిమాణం ఎంతో చూడాలి. నెలకు 5 కిలోలంటే రోజుకు దాదాపు 167 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించిన రోజువారీ పళ్లెంలో ధాన్యాలు సుమారు 250 గ్రాములు. వాటితో పాటు పప్పులు, కూరగాయలు, పాలు, పండ్లు ఉండాలి. రేషన్ పళ్లెంలో ఒక మూల నింపుతుంది, మిగిలినదంతా కొనుక్కోవలసిందే. కందిపప్పు, మంచినూనె కోటాలో ఉన్న రోజుల్లో ఈ లోటు కొంత తగ్గేది.

నాణ్యత మరో విషయం. ఏళ్ల తరబడి రేషన్ దుకాణంలో దొరికినవి దొడ్డు బియ్యం. సన్నబియ్యానికి అలవాటు పడిన నగర కుటుంబాల్లో చాలామంది వాటిని దోసె పిండికి వాడుకోవడమో, ఇంటి ముందుకు వచ్చే దళారికి తక్కువ ధరకు అమ్మడమో చేసేవారు. అవే బియ్యం మిల్లులో పాలిష్ అయి తిరిగి ప్రభుత్వానికే చేరిన ఉదంతాలపై కేసులు నమోదయ్యాయి. తెలంగాణ 2015లో బడి భోజనానికి, హాస్టళ్లకు సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టి, 2025 ఉగాది నాడు రేషన్ కార్డులకూ వర్తింపజేసింది. జనం తినే బియ్యమే ఇవ్వడం తెలంగాణ రేషన్‌లో ఈ మధ్య వచ్చిన మార్పులన్నిటిలోకీ విలువైనది. ఇంట్లో వండుకునే సరుకు అంగట్లోకి మళ్లే అవకాశం తక్కువ.

పంపిణీ పద్ధతి కూడా కుటుంబానికి లెక్కే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 9,260 వాహనాలతో వీధి వీధికీ రేషన్ పంపారు. 2025 జూన్ నుంచి వాటిని ఆపి తిరిగి దుకాణాలకే మళ్లించారు. వృద్ధులకు, దివ్యాంగులకు ఇంటి దగ్గర ఇచ్చే ఏర్పాటు ఉంచారు. వేలిముద్ర యంత్రం దొంగ కార్డులను తగ్గించింది. అయితే సిమెంటు పనిలో, అంట్లు తోమడంలో వేళ్లు అరిగినవారికి అదే అడ్డంకి. కనుపాప గుర్తింపు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ప్రత్యామ్నాయాలుగా వచ్చాయి.

బజారు, అప్పు. కుటుంబ వినియోగ వ్యయ సర్వే (2023–24) ప్రకారం దేశంలో నగర కుటుంబాల ఖర్చులో తిండి వాటా దాదాపు 39.7 శాతం, పల్లెల్లో 47 శాతం. నగర ఖర్చులో పానీయాలు, బయట తయారైన తిండి వాటా 10 శాతం దాటింది. ఈ సగటు చాటున పేద ఇల్లు కనబడదు. దినకూలీ నెల సరుకు ఒకేసారి తెచ్చుకోలేడు. పావుకిలో పప్పు, పది రూపాయల నూనె పొట్లం కొంటాడు, కిలో లెక్కన చూస్తే ఎక్కువ చెల్లిస్తాడు. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉన్నవారికి పని లేని వారం గడుస్తుంది. కొత్తగా వలస వచ్చినవారికి ఆ ఖాతా ఎవరూ తెరవరు.

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లు దళారీ లేకుండా కూరగాయలు అమ్మే చోట్లు. ఇవి మధ్యతరగతికి బాగా ఉపయోగపడ్డాయి. తెల్లవారుజామునే పని కోసం అడ్డా మీద నిలబడే కూలీకి, ఆటో ఖర్చు పెట్టుకుని అక్కడికి వెళ్లే తీరిక ఉండదు. అతని కాయగూర తోపుడుబండి మీద ఇంటి ముందుకే వస్తుంది. అందుకే వీధి వ్యాపారుల చట్టం (2014), 2020లో 10,000 రూపాయల తొలి విడత రుణంతో వచ్చిన స్వనిధి పథకం నగర ఆహార విధానంలో భాగాలే (చూ. వీధి వ్యాపారం).

వండిన తిండి. కర్రీ పాయింట్ తెలుగు నగరాల ప్రత్యేకత. ఇంట్లో అన్నం వార్చుకుని, కూర, పప్పు, సాంబారు పొట్లాల్లో కొనుక్కుంటారు. భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇళ్లు, గదుల్లో ఉండే విద్యార్థులు, ఒంటరి కూలీలు దీని మీద ఆధారపడతారు. గ్యాసూ సమయమూ మిగులుతాయి. నూనె, ఉప్పు ఎంత పడుతున్నాయన్నది కొనేవారి చేతిలో ఉండదు.

ప్రభుత్వ రాయితీతో నడిచే భోజనశాలలు మరో రకం. తమిళనాడులో 2013లో మొదలైన అమ్మ ఉణవగం వీటికి దారి చూపింది. హైదరాబాద్ నగరపాలక సంస్థ 2014లో హరేకృష్ణ మూవ్‌మెంట్ సంస్థతో కలిసి 5 రూపాయల భోజనం ప్రారంభించింది. 2025లో వీటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, ఉదయం టిఫిన్ కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018 జూలైలో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నాయి. ఆసుపత్రుల ముందు, బస్టాండ్ల దగ్గర, అడ్డాల దగ్గర ఇవి కార్డు అడగకుండా, ఊరు అడగకుండా అన్నం పెడతాయి. నగరంలోని మిగతా ఆహార పథకాలన్నిటికీ లేని గుణం అది. ప్రభుత్వం మారితే మూతపడే స్థితిలో ఉండటం పెద్ద లోపం.

అంగన్‌వాడీ, బడి. 1975 నాటి సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలు నడుస్తాయి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. చిన్న పిల్లలకు బాలామృతం పొడి ఇంటికి ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ 2020లో సంపూర్ణ పోషణ పథకం తెచ్చింది. నగరాల్లో చాలా కేంద్రాలు ఇరుకు అద్దె గదుల్లో ఉంటాయి. తల్లి పొద్దున పాచిపనికి వెళ్లి మధ్యాహ్నం తర్వాత వస్తే కేంద్రంలో వడ్డించే భోజనం ఆమెకు అందదు. ఊరి వేళలతో రూపొందిన పథకాన్ని నగరం వేళలకు సరిచేయకపోవడం వల్ల ఇలా జరుగుతోంది.

మౌలిక సేవలకూ తిండికీ ఉన్న ముడి

నీరు. ఒకప్పుడు జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తీర్చిన హైదరాబాద్ దాహాన్ని ఇప్పుడు మంజీర, సింగూరుతో పాటు, వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎత్తిపోసే కృష్ణా, గోదావరి జలాలు తీరుస్తున్నాయి. కృష్ణా నీరు 2004లో, గోదావరి నీరు అటుపై దశాబ్దం దాటాక వచ్చాయి. 1989లో ఏర్పడిన జలమండలి వీటిని పంపిణీ చేస్తుంది. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు నీరు ఉచితం. ఐదుగురి కుటుంబానికి లెక్కేస్తే మనిషికి రోజుకు దాదాపు 133 లీటర్లు వస్తాయి. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాలకు జాతీయ ప్రమాణం 135 లీటర్లు.

కాగితం మీద లెక్క సరిపోయింది. నల్లా దగ్గర అది సరిపోవడం సరఫరా వేళ మీద, పీడనం మీద ఆధారపడుతుంది. చాలా ప్రాంతాల్లో నీరు రోజు విడిచి రోజు వస్తుంది. గుట్ట మీది బస్తీకి, పైపు చివరి వీధికి ధార సన్నగా ఉంటుంది. మోటారు పెట్టి లాగే ఇళ్లుంటే తర్వాతి ఇళ్లకు ఆ సన్న ధార కూడా మిగలదు. నీళ్ల కోసం ఆగిన గంటలు ఆడవాళ్ల పని గంటల్లోంచే పోతాయి. ఆ రోజు కూలి తగ్గితే కూర తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వాడే కొలమానంలో వరుసలో నిలబడే సమయంతో కలిపి 30 నిమిషాల్లో తెచ్చుకోగలిగితేనే కనీస నీటి సేవ ఉన్నట్టు లెక్క.

నీటి నాణ్యత ప్రాణం మీదికి తెచ్చిన ఉదాహరణ 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో జరిగింది. తాగునీరు కలుషితమై పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అడపాదడపా సరఫరా ఉన్న చోట, నీరు రాని వేళల్లో పైపులో పీడనం పడిపోయి పగుళ్ల గుండా పక్క మురుగు లోపలికి చేరుతుంది. ఇలాంటి నీటితో మళ్లీ మళ్లీ విరేచనాలయ్యే పిల్లవాడికి ఎంత తినిపించినా ఒంటికి పట్టదు. పోషకాహార లోపాన్ని తిండి లేమిగా మాత్రమే చూసే పథకాలు ఇక్కడే విఫలమవుతాయి. డ్రమ్ముల్లో నిల్వపెట్టిన నీరు దోమలకు నెలవై డెంగీకి కారణమవుతుంది (చూ. నీటి ద్వారా వ్యాపించే వ్యాధులు).

వంట ఇంధనం. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్ర ఉజ్వల పథకం గ్యాస్ కనెక్షన్లను పేదల ఇళ్లకు చేర్చాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) నాటికి దేశంలో నగర కుటుంబాల్లో సుమారు 90 శాతం శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్నాయి. ఇప్పుడు భారం బండ మార్చుకోవడంలో ఉంది. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో 500 రూపాయలకు సిలిండర్, ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది చివర్లో ఏటా మూడు ఉచిత సిలిండర్లు ప్రకటించాయి. గ్యాస్ పుస్తకం లేని అద్దె గదుల కూలీలు చిన్న సిలిండర్లలో కిలోల లెక్కన నింపించుకుంటారు. అది ఖరీదు, ప్రమాదం కూడా.

వైద్యం. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలు నడిచి వెళ్లే దూరంలో ఉచిత వైద్యం, పరీక్షలు, మందులు ఇస్తున్నాయి. వీటిని ఆహార పథకాలుగా ఎవరూ లెక్కించరు. జ్వరానికి ప్రైవేటు క్లినిక్‌లో పోయే డబ్బు నేరుగా ఇంటి సరుకు నుంచే పోతుంది గనుక, బస్తీ దవాఖానా కాపాడేది ఆ నెల తిండిని కూడా.

నివాసం. అన్ని సేవలకూ తాళంచెవి చిరునామా. నల్లాకు, కరెంటు మీటరుకు, గ్యాస్‌కు, కార్డుకు అన్నిటికీ అదే అడుగుతారు. 2011 జనగణనలో దేశంలో 6.5 కోట్ల మందికి పైగా మురికివాడల్లో ఉన్నట్టు తేలింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వారు కోటికి పైగా. అదే లెక్కలో విశాఖలో 44 శాతం, విజయవాడలో 40 శాతం ఇళ్లు మురికివాడల్లోవే. అధికారులు గుర్తించిన బస్తీలకు పైపులు వేస్తారు. నాలా పక్కన, చెరువు శిఖం భూమిలో, రైల్వే స్థలంలో వెలసిన గుడిసెలకు వేయరు. ఇల్లు ఊరి వెలుపలి కొత్త కాలనీలో ఇచ్చినప్పుడు గోడలు గట్టివే దొరుకుతాయి, పని చోటు, తెలిసిన కిరాణా కొట్టు, పాచిపని ఇళ్లు దూరమవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో మహిళలకు వచ్చిన ఉచిత బస్సు ప్రయాణం (తెలంగాణలో 2023 డిసెంబరు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు) ఈ దూరపు భారాన్ని కొంత దించింది.

వలస కుటుంబాలు

హైదరాబాద్ భవనాలు కట్టేవారిలో పాలమూరు, శ్రీకాకుళం వాసులతో పాటు ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ కార్మికులున్నారు. వీరి కార్డు సొంత ఊళ్లో, పొట్ట ఇక్కడ. ఈ చిక్కు విప్పడానికి వచ్చిన ‘ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు’ ఏర్పాటు 2019 ఆగస్టులో మొదట ఆంధ్రప్రదేశ్–తెలంగాణ మధ్య, గుజరాత్–మహారాష్ట్ర మధ్య అమలైంది. కుటుంబంలో కొందరు ఊళ్లో, కొందరు నగరంలో విడివిడిగా కోటా తీసుకునే వీలుంది. జాతీయ చట్టం పరిధిలోని కార్డులకే ఇది వర్తిస్తుంది, రాష్ట్రాలు సొంతంగా ఇచ్చినవి సరిహద్దు దాటితే చెల్లవు.

2020 మార్చి లాక్‌డౌన్ ఈ ఏర్పాట్ల బలాన్నీ బలహీనతనూ ఒకేసారి బయటపెట్టింది. తెలంగాణ కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని వలస కార్మికులకూ 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. ఆ జాబితాల్లోకి ఎక్కనివారు మండుటెండలో జాతీయ రహదారుల మీద నడిచి వెళ్లారు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు వలస కార్మికులకు రేషన్, సామూహిక వంటశాలలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

కొలిచే పద్ధతులు

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎనిమిది ప్రశ్నల కొలమానం వాడుతుంది: తిండి చాలదని దిగులుపడ్డారా, పూట మానేశారా, రోజంతా పస్తున్నారా వంటివి. గత నాలుగు వారాల అనుభవాన్ని తొమ్మిది ప్రశ్నలతో అడిగే కుటుంబ కొలమానం మరొకటి. 2008లో ఆఫ్రికా ఖండం దక్షిణ ప్రాంతంలోని తొమ్మిది దేశాల 11 నగరాల్లో, పేదల వాడల్లో ఈ రెండో పద్ధతిలో జరిగిన సర్వేలో మూడొంతుల కుటుంబాలు అభద్రతలో ఉన్నట్టు తేలింది.

శరీర కొలతలు వేరే సంగతి చెబుతాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు నగర పిల్లల్లో 30.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. నగర మహిళల్లో 53.8 శాతం మందికి రక్తహీనత, 33.2 శాతం మందికి అధిక బరువు. ఒకే ఇంట్లో గిడసబారిన బిడ్డ, బరువు పెరిగిన తల్లి ఉండటం నగరాల్లో సాధారణమైంది. కడుపు నింపే చవక తిండి దొరుకుతోంది, గుడ్డు, పాలు, పండు దొరకడం లేదు. నగర సగటు పల్లె సగటు కన్నా మెరుగ్గా కనబడటం వల్ల బస్తీ లెక్క విడిగా బయటికి రాదు.

విధాన చర్చలు

ధాన్యం ఇవ్వాలా, నగదు ఇవ్వాలా అన్నది పాత వాదం. నగదు వైపు వాదించేవారు ఎంపిక స్వేచ్ఛనూ, అక్రమాలు తగ్గడాన్నీ చూపుతారు. ధాన్యం వైపు వారు ధరలు పెరిగినప్పుడు నగదు విలువ కరిగిపోతుందనీ, ఇంటికి చేరిన డబ్బు తిండికే ఖర్చవుతుందన్న హామీ లేదనీ అంటారు. పోషకాలు కలిపిన బలవర్థక బియ్యం మీద, బయోమెట్రిక్ తప్పనిసరి మీద కూడా భిన్నాభిప్రాయాలున్నాయి. బ్రెజిల్‌లోని బెలో హొరిజాంచి నగరం 1993లోనే ఆహారానికి ప్రత్యేక పురపాలక శాఖ పెట్టి భోజనశాలలు, బజార్లు, బడి తిండి ఒకే గొడుగు కిందికి తెచ్చింది. తెలుగు నగరాల పాలక సంస్థల్లో అలాంటి శాఖ లేదు.

అన్నిటికన్నా విస్తృతమైన సమస్య లబ్ధిదారుల సంఖ్య. జాతీయ ఆహార భద్రతా చట్టం 9వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాల వారీ కోటాను అందుబాటులో ఉన్న జనగణన ఆధారంగా లెక్కించాలి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో 2011 అంకెలే కొనసాగుతున్నాయి. అప్పటి తర్వాత పుట్టినవారు, నగరానికి వచ్చినవారు, శివార్లలో కలిసిన ఊళ్లవారు ఆ లెక్కలో లేరు. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది.